మూట మోసిన దాసరి పురుగు

ఓబులేసు బాధల్లా ఒక్కటే. అవ్వ తనకు ఏకతార ఇవ్వడం లేదు.

కొండల నడుమ కోనలో ఉన్న ఆ చిన్న మఠానికి పెద్ద కోనమ్మవ్వ. అసలు పేరేమిటో ఎవరికీ గుర్తు లేదు. కోనలో ఉంటుంది గనక కోనమ్మ అయింది. ఆమెకు చదువు రాదు, ఉపన్యాసాలు చెప్పడం అంతకన్నా రాదు. తన గురువు నేర్పిన తత్వాలు పాడుతుంది, తోట చేస్తుంది, వచ్చినవాళ్ళకు ఇంత సంగటి పెడుతుంది. అంతే. అయినా ఆమె ముందు కాసేపు కూర్చుని లేచిన మనిషి ఇంటికి పోయేటప్పుడు కొంచెం నెమ్మదిగా నడుస్తాడని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకుంటారు.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. శిష్యుడు తయారయ్యాడని అవ్వకు తోచిన రోజున, గోడకు వేలాడే ఏకతారల్లో ఒకటి తీసి అతని చేతిలో పెడుతుంది. ఆ తర్వాత అతను ఏ ఊరికైనా పోయి పాడవచ్చు, నలుగురికీ మంచీచెడ్డా చెప్పవచ్చు. అది చేతికి వచ్చేదాకా ఎంత గొంతున్నా తోటలోనూ పొయ్యి దగ్గరా పాడుకోవలసిందే.

ఓబులేసు గొంతు మామూలు గొంతు కాదు మరి. అతను ఎత్తుకుంటే నీళ్ళు చేదేవాళ్ళు చాంతాడు పట్టుకుని అలాగే నిలబడిపోయేవాళ్ళు. ఒక్కసారి విన్న తత్వం మళ్ళీ అడగక్కర్లేదు. పైగా మాటకారి. ఎవరేం అడిగినా జవాబు నాలుక చివర్న సిద్ధంగా ఉంటుంది. తన తర్వాత మఠానికి వచ్చినవాళ్ళు ఇద్దరు ఏకతార పట్టుకుని వెళ్ళిపోయారు కూడా. ఓబులేసు మాత్రం వంకాయ మడుల దగ్గరే ఉన్నాడు. పైకి నవ్వేవాడు గానీ లోపల కుతకుతలాడిపోయేవాడు.

శ్రావణంలో దిగువన ఉన్న గార్లపెంట నుంచి పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళకు పెద్ద నడిపెన్న. ఊళ్ళో భజనగుడి కట్టుకున్నారు, కూర్చుని పాడించి చెప్పే మనిషి లేడు. ఓబులేసును పంపమని అవ్వను అడగడానికి వచ్చారు. అవ్వ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది. ఈలోగా నడిపెన్న తమ ఊరి చిక్కు ఒకటి ఓబులేసు ముందు పెట్టాడు.

చిక్కు పేరు సుంకన్న. భజన జరిగే రోజున అందరికన్నా ముందు వస్తాడు. వెనక స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు. పాడడు, తాళం వెయ్యడు, తల కూడా ఊపడు. గుగ్గిళ్ళు పంచేటప్పుడు చెయ్యి మాత్రం చాపుతాడు. అదీ సరేననుకుంటే, పాట మంచి పట్టు మీద ఉన్నప్పుడు దిగ్గున లేచి, తలుపు ధడాలున తోసుకుని బయటికి పోతాడు. అందరి మనసూ చెదిరిపోతుంది. కుర్రవాళ్ళు వాణ్ని గడప తొక్కనీయకూడదంటున్నారు.

ఓబులేసు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పాడనోనికి పాట కాడ ఏం పని? బయటికి పంపేయండి. గంపలో ఒక కుళ్ళిన కాయ ఉంటే తక్కినవన్నీ పాడయితాయి."

ఆహా, ఎంత బాగా చెప్పావు స్వామీ అని పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట మేము చెబితే ఊళ్ళో పోట్లాట అవుతుంది, నువ్వు కార్తీకంలో వచ్చి నీ నోటితో చెప్పు అన్నాడు నడిపెన్న. స్వామీ అన్న పిలుపు చెవిన పడేసరికి ఓబులేసుకు ఒళ్ళు పులకరించింది.

అవ్వ గడపలో నిలబడి ఉంది. మజ్జిగ చెంబు చేతిలోనే ఉంది. విన్నదో లేదో తెలియలేదు. అందరికీ పోసింది, తాగేదాకా ఉంది, కార్తీకంలో రమ్మని చెప్పి పంపించింది. వాళ్ళు వంక నీళ్ళు దాటాక ఓబులేసు వైపు తిరిగింది.

"ఆముదాలు ఈ ఏడు నీకు అప్పజెప్తాండా నాయనా. గెలలు వేసేదాకా చూసుకో."

ఏకతార గురించి ఒక్క మాట లేదు.

ఈ ఆముదాల సంగతి కొంచెం చెప్పాలి. మఠం తోట చుట్టూ కంచెలాగా ఆముదపు చెట్లు పెంచుతారు. కాయలు కొట్టి, గింజలు వేయించి దంచి, ఉడికించి నూనె తీస్తారు. అవ్వ గురువు సమాధి ముందు వెలిగే దీపానికి ఏడాది పొడుగునా ఆ నూనే. కొన్న నూనె పోయరు. ఊళ్ళో ఎవరైనా డబ్బా తెచ్చిస్తే అవ్వ దండం పెట్టి తీసుకుని తాలింపులకు వాడేస్తుంది గానీ సమాధి దాకా పోనివ్వదు. మన చేత్తో మనం పెంచిన వెలుగు పెట్టాలని పెద్దాయన చెప్పాడట. అందుచేత ఆముదాలు పాడైతే దీపం పాడైనట్టే. ఓబులేసు అది గ్రహించాడు. ఇది తనకు పెట్టిన పరీక్ష, గట్టెక్కితే ఏకతార తనదేనని మనసులో ముడి వేసుకున్నాడు.

ఆ తోటలో మందు చల్లరు, పొడి కొట్టరు. పొద్దున్నే చేత్తో ఏరడమే. ఏరేముందు అదెవరో తెలుసుకోవాలని అవ్వ పట్టుదల. కొత్తగా వచ్చినవాళ్ళను వేలు పట్టుకుని తిప్పినట్టు చెట్టు చెట్టుకూ తిప్పుతుంది. నిమ్మాకు మీద పిట్ట రెట్టలాగా కనబడేది రెట్ట కాదు, పిల్ల పురుగు. అదే పెరిగి పచ్చగా అవుతుంది, కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాపి గాటు వాసన కొడుతుంది. చెట్టు పెద్దదైతే అవ్వ దాన్ని ఉండనిస్తుంది, నిన్న నాటిన మొక్కయితే తీసి పెద్దచెట్టు మీదికి మారుస్తుంది. మునగ మాను మీద పగలంతా గుంపుగా కరుచుకుని ఉండే గొంగళి పురుగుల జోలికి వట్టి చేత్తో పోకూడదు, పోతే సాయంత్రం దాకా గోక్కోవడమే. లద్దె పురుగు చిన్నప్పుడు అన్నదమ్ములంతా ఒకే ఆకు అడుగున చేరి పచ్చదనమంతా గీకేస్తారు, ఆకు జల్లెడైపోతుంది. ఆ ఒక్క ఆకు తుంచేస్తే మడి బతికినట్టే. జిల్లేడు మీద చారల పురుగును ముట్టుకోనే ముట్టుకోదు. జిల్లేడాకు నువ్వు తింటావా నేను తింటానా, తిననీ అంటుంది.

ఏరినవాటిని కుండలో వేసుకుని తోట బయట బండ మీద కుమ్మరిస్తారు. గోరింకలు కాచుకుని ఉంటాయి. వాటికి దొరికినవి వాటికి. తప్పించుకున్నవి వంక పక్కన అడవి చెట్లలోకి పాకిపోతాయి. మనం తోట కాపాడుకుందాం, ఆ పై లెక్క మనది కాదు అంటుంది అవ్వ. పురుగును కాలితో నలపడం మాత్రం ఆమె ఎదుట ఎవరూ చెయ్యరు.

ఇవన్నీ ఓబులేసుకు నోటికి వచ్చేశాయి. అబద్ధమెందుకు, అందులోనూ అతను గట్టివాడే. ఆకు తిన్న తీరు చూసి పురుగేదో చెప్పేవాడు. కింద పడ్డ పెంటికలు చూసి అది ఏ కొమ్మ మీద కూర్చుందో చెప్పేవాడు. అటువంటి కళ్ళు అందరికీ ఉండవు.

భాద్రపదంలో ముసురు పట్టి వదిలేసరికి ఆముదాల మీదికి దాసరి పురుగు దిగింది. బూడిద రంగులో సన్నగా, వేలెడు పొడుగున ఉంటుంది. నడిచినప్పుడు నడుము పైకెత్తి విల్లులాగా వంచి, మళ్ళీ చాపి, వంగి వంగి దండాలు పెడుతున్నట్టు పోతుంది. పేరు ఎంత భక్తిగా ఉన్నా తిండి మాత్రం రాక్షసి తిండి. విస్తరంత ఆకును ఈనెలు మిగిల్చి తినేస్తుంది.

ఓబులేసు నడుం కట్టాడు. తెల్లవారితే కుండ పట్టుకుని చెట్లలోకి దూరేవాడు. ఆకు తిప్పి చూడటం, చిటికెన వేలితో పురుగును కుండలోకి రాల్చడం, ఎక్కడా ఆగకుండా ఆ చేతులు ఆడుతుంటే చూడముచ్చటగా ఉండేది. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు కాదు. ఏరుతూ పాడేవాడు, పాడుతూ ఏరేవాడు. అవ్వ దూరం నుంచి చూసి, వీడి పనికి దిష్టి తగలకూడదని పక్కనున్నవాళ్ళతో అనేది.

కొన్నాళ్ళకు ఓబులేసు కళ్ళకు ఒక కొత్త సంగతి కనబడింది. కొన్ని పురుగులు తక్కినవాటిలాగా లేవు. కదలవు. ఆకు తినవు. ముడుచుకుని ఒకచోటే కూర్చుని ఉంటాయి. వాటి వెనక భాగాన, కడుపు కింద, గోధుమరంగు మూట లాంటిది ఒకటి అంటుకుని ఉంటుంది. గింజంత ఉంటుంది, గట్టిగా ఉంటుంది.

అవ్వ దీని గురించి ఎన్నడూ చెప్పలేదు. ఓబులేసు తనంతట తనే ఆలోచించి తేల్చుకున్నాడు. కోడి పొదుగుడు కూర్చున్నప్పుడు కదలదు, మేత తినదు. ఇదీ అంతే. ఇవి తల్లి పురుగులు, ఆ మూట గుడ్ల మూట. మిగతావి ఎన్ని ఏరినా మళ్ళీ పుట్టుకొస్తున్నది వీటి మూలానే. ఏళ్ళ తరబడి ఈ తోటలో ఎవరికీ తట్టని మూలం తనకు తట్టిందని అతను పొంగిపోయాడు.

ఇక అప్పటి నుంచి వెతికి వెతికి వాటినే పట్టాడు. వాటిని గోరింకలకు వదిలితే గుడ్లు ఎక్కడైనా రాలి పిల్లలవుతాయని భయం. అందుకని వంక అవతలికి తీసుకుపోయి రాయి మీద రాయి పెట్టి నలిపేశాడు. ఎవరూ చెయ్యని పని అని తెలుసు. దీపం కోసమే కదా అని సర్దుకున్నాడు.

చిత్రం ఏమిటంటే, పురుగు తగ్గలేదు. ఆశ్వయుజంలోకి వచ్చేసరికి ముందటికన్నా ఎక్కువైంది. పైకొమ్మల ఆకులు కూడా ఈనెలు తేలాయి. ఇంకా ఎక్కడో తల్లులు మిగిలి ఉన్నాయనుకుని ఓబులేసు ఇంకా ముందే లేచాడు, ఇంకా వెతికాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. పాట ఆగిపోయింది.

ఒకరోజు అవ్వ వంక దాటి వచ్చింది. ఓబులేసు రాయి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆమెను చూసి తడబడ్డాడు గానీ, దాచవలసిన పని చెయ్యలేదనే ధైర్యంతో అంతా చెప్పాడు. అవి తల్లి పురుగులని, గుడ్ల మూటలు మోస్తున్నాయని, మూలం నరికితే గానీ చెట్టు బాగుపడదని వివరంగా చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతులో ఉత్సాహం కూడా వచ్చింది.

అవ్వ చివరిదాకా వింది. నలిగిన పురుగుల వైపు చూసింది. ఆమె మొహంలో కోపం కనబడలేదు. ఏదో నొప్పి మాత్రం వచ్చి పోయింది. కుండలో మిగిలి ఉన్న ఒక మూట పురుగును ఆకుతో సహా తీసి, కొంగులో జాగ్రత్తగా పట్టుకుని వెనక్కి నడిచింది.

మఠంలో ఒక పాత లాంతరు చిమ్నీ ఉంది. దాన్ని పీటమీద నిలబెట్టి, అందులో ఆకునూ పురుగునూ ఉంచి, పైన పలచటి గుడ్డ కట్టింది. తెచ్చి ఓబులేసు చాప ముందు పెట్టింది.

"ఎన్ని పిల్లలు వస్తాయో చూసి చెప్పు. అంతవరకు తోటలో చెయ్యి పెట్టొద్దు."

"ఆముదాలు పోతాయవ్వా. దీపం..."

"నువ్వు చూస్తా ఉండు."

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. మఠంలోని వాళ్ళంతా తన ఎదురుగానే కుండలు పట్టుకుని తోటలోకి పోతున్నారు. అవ్వ వాళ్ళతో ఏం చెప్పిందో, మామూలు పురుగులనే ఏరుతున్నారు, మూట పురుగులను అలాగే వదిలేస్తున్నారు. అతను చాప మీద కూర్చుని పళ్ళు నూరుకున్నాడు. కార్తీకం దగ్గర పడుతోంది. గార్లపెంట వాళ్ళు వస్తారు. తను చూస్తే గాజు చిమ్నీ ముందు కాపలా.

మొదట్లో అతను పురుగును చూడనే లేదు. చూసినట్టు కూర్చున్నాడు గానీ కళ్ళు ఆముదాల మీదే. ఎంతసేపని అలా? చూడటానికి ఇంకేమీ లేకపోయేసరికి చివరికి దాన్నే చూశాడు.

లేత ఆకు తెచ్చి లోపల వేశాడు. అది ముట్టుకోలేదు. ఇంకొకటి వేశాడు, అదీ అంతే. ఆకలి లేకనా, తినలేకనా అన్నది అతనికి తేలలేదు. గడ్డిపరకతో మెల్లగా తాకితే తల కొంచెం ఎత్తి మళ్ళీ వాల్చింది. ఎండ పడుతోందని చిమ్నీని నీడకు జరిపాడు. రోజురోజుకూ దాని ఒళ్ళు ముడతలు పడుతోంది. గుడ్లు పెట్టే తల్లి ఇట్లా ఎండిపోతుందా అని మొదటిసారి అతనికి అనుమానం వచ్చింది. ఆ అనుమానం వచ్చిన రోజున మధ్యాహ్నం సంగటి సయించలేదు.

దగ్గరగా మొహం పెట్టి చూశాడు. ఆ మూట పురుగు ఒంట్లోంచి మొలిచినది కాదు, బయట అంటుకున్నది. పైన దారాలు చుట్టినట్టు ఉంది. దానికి కాస్త పైన పురుగు ఒంటి పక్కన చిన్న నల్లటి మచ్చ ఉంది, ఏదో బయటికి వచ్చిన గాయం మానినట్టు. ఇన్ని పురుగులను చేతిలోకి తీసుకున్నాడు, రాయి కింద పెట్టాడు, ఈ మచ్చ ఒక్కసారి కూడా కనబడలేదు. ఓబులేసు కళ్ళకు కనబడలేదంటే, అతను చూడలేదన్నమాట.

ఒక పొద్దున మూటకు పైన ఒక మూత లేచింది. కుండ మీది మూత ఎంత గుండ్రంగా ఉంటుందో అంత గుండ్రంగా తెగింది. లోపల నుంచి నల్లటి తల, తర్వాత సన్నటి కాళ్ళు, తర్వాత తడి రెక్కలు వచ్చాయి. చీమంత కందిరీగ. చిమ్నీ గోడ మీద కూర్చుని ముందుకాళ్ళతో మీసాలు తుడుచుకుంది. దాసరి పురుగు అప్పటికే వట్టి తోలు.

ఓబులేసు గుడ్డ విప్పాడు.  అది పైకి లేచి, గాలిలో ఒక చుట్టు చుట్టి, ఆముదాల వైపు పోయింది. అతను చాప మీదినుంచి లేచి దాని వెంట పరుగెత్తాడు. ఒక ఆకు అడుగున వాలింది. అక్కడ అప్పుడే గుడ్డులోంచి వచ్చిన దాసరి పురుగు పిల్ల, దారప్పోగంత, ఉంది. కందిరీగ దాని పక్కన ఆగి, మీసాలతో తడిమి, నడుము వంచి తోకతో ఒక్క పోటు పొడిచింది. తర్వాత ఇంకో ఆకు, ఇంకో పిల్ల. కాసేపటికి ఎటు పోయిందో కనబడలేదు.

ఆ మూట ఏమిటో, కందిరీగ పొడిచి పెట్టిన గుడ్డు కడుపులో పెరిగి బయటికొచ్చి మూట కట్టుకుంటే ఆ పురుగు ఎందుకు తినలేదో, ఎందుకు కదల్లేదో ఓబులేసుకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తను ఏరవలసినవాటిని ఏరే కాపలాదార్లు ఆ మూటల్లో ఉన్నారు. వాళ్ళనే వెతికి వెతికి, రాయి మీద రాయి పెట్టి...

వంక అవతలికి పోయి ఆ రాళ్ళ ముందు కూలబడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. నలిగి ఎండిపోయిన మూటల్లో ఒకటి తీసి గోటితో విప్పి చూస్తే లోపల రెక్కలు ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి అవ్వ తోటకూర వలుస్తోంది. పక్కన కూర్చున్నాడు. తనూ కాస్త కూర తీసుకుని వలిచాడు. 

"పిల్లలు రాలేదవ్వా. రెక్కల పురుగు ఒకటొచ్చింది."

అవ్వ తల ఊపింది.

"నీకు తెలుసు గదా. మొదట్లోనే ఒక మాట చెప్పింటే అవన్నీ బతికిండేవి."

అవ్వ చేతిలో కాడ విరిచి పక్కన వేసింది. "అవి పోయినందుకు నాకూ కడుపు తరుక్కుపోయింది నాయనా. నువ్వు నలుపుతాండావని ముందే తెలిసింటే చెయ్యి పట్టుకునేదాన్ని." కూర కట్ట విదిలించింది. "చెప్పింటే నీకు ఇంకో పురుగు పేరు తెలిసిండేది. అంతే గదా."

ఓబులేసు తల వంచి ఇంకో కాడ వలిచాడు. 

మర్నాటి నుంచి మళ్ళీ కుండ పట్టుకున్నాడు. ఈసారి చేతులు ముందటంత వేగంగా ఆడలేదు. ఆకు తిప్పి, పురుగును చూసి, కాసేపు ఆగి, అప్పుడు తీసేవాడు. మూటలున్నవాటి కొమ్మకు చిన్న గుడ్డపేలిక కట్టి, ఆ దారిన పోయేటప్పుడు ఒళ్ళు తగలకుండా పక్కకు తప్పుకునేవాడు. రానురాను తోటలో చిన్న రెక్కలు పెరిగాయి, దండాలు పెట్టే పురుగులు పలచబడ్డాయి. కానీ పోయిన ఆకు పోయింది. గెలలు వేశాయి గానీ పొట్టి గెలలు. ఆ ఏడు నూనె సగం కూడా రాదని చూసిన ప్రతివాళ్ళకూ తెలుస్తూనే ఉంది.

జాడీలో మిగిలిన పాత నూనె చూసి, వత్తి సన్నగా చేద్దామన్నది అవ్వ.  అప్పటి నుంచి సాయంత్రం పూట దీపం వత్తి ఓబులేసే చేసేవాడు. దూదిని అరచేతిలో పెట్టి, దారమంత సన్నగా, తెగకుండా పేనేవాడు. దీపం చిన్నగా వెలిగేది. దాని ముందు కూర్చుంటే అతనికి ఏకతార గుర్తుకు రాని రోజులు కూడా ఉన్నాయి. ఇంత పాడుచేసినవాడికి అది ఎవరిస్తారులే అని ఆశ వదిలేసుకున్నాడు.

కార్తీకంలో నడిపెన్న మనుషులతో వచ్చాడు. వచ్చీ రాగానే హడావిడి. భజనగుడికి సున్నం కొట్టించాం, చాపలు వేయించాం, ఈ పున్నమికి నువ్వొచ్చి కూర్చోవాలన్నాడు. ఏకతార రాలేదు, నేను రాలేను అని ఓబులేసు మెల్లగా చెప్పబోయాడు. నడిపెన్న వినిపించుకోలేదు. అసలు సంగతికి వచ్చేశాడు.

సుంకన్న ఇంకా వస్తూనే ఉన్నాడట. మొన్న కూడా పాట మధ్యలో లేచి తలుపు తోసుకుని పోయాడట. కుర్రవాళ్ళు తాళం కప్ప కూడా కొని పెట్టుకున్నారు. ఓబులేసు వచ్చి, శ్రావణంలో చెప్పిన ఆ కుళ్ళిన కాయ మాట ఊరందరి ముందూ ఒక్కసారి చెబితే చాలు, పీడ విరగడవుతుందట.

ఓబులేసు నేల చూస్తూ కూర్చున్నాడు. 

"ఏ పాటప్పుడు లేస్తాడన్నా?" అన్నాడు చివరికి.

నడిపెన్న వెనకనున్నవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళలో ఒకాయన గుర్తు చేసుకుని, ఎప్పుడూ ఆ జోలపాట తత్వం ఎత్తుకున్నప్పుడేనని చెప్పాడు. దేహాన్ని ఉయ్యాల చేసి పాడే పాట అది.

"బయటికి పోయి ఏం చేస్తాడు?"

ఎవరికీ తెలియదు. ఎవరూ వెంట వెళ్ళలేదు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే, చెరువు కట్ట పక్కన ఒక్కడే ఉంటాడనుకుంటా అన్నాడు నడిపెన్న. ముందు నుంచీ ఒక్కడేనా అంటే బుర్ర గోక్కున్నాడు. ఒకే ఊరి మనిషి గురించి తనకింత తక్కువ తెలుసని ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది.

"అయితే ఇప్పుడేమంటావు స్వామీ?"

"ఏమీ అనలేనన్నా. ఎప్పుడైనా అవ్వ రానిస్తే వచ్చి ఆయన పక్కన కూచుంటా. లేచి పోతే వెంట పోతా. అంతవరకు తలుపు తీసే పెట్టండి."

నడిపెన్నకు ఉసూరుమంది. శ్రావణంలో అడిగీ అడగకముందే టక్కున చెప్పావే అని దెప్పాడు.

"అప్పుడు చూల్లేదన్నా" అన్నాడు ఓబులేసు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అవ్వ తలుపు దాటి బయటికి వచ్చింది. చేతిలో మజ్జిగ చెంబు లేదు. ఏకతార ఉంది. తెచ్చి ఓబులేసు ఒడిలో పెట్టింది, ఆకులో అన్నం పెట్టినంత మామూలుగా.

"తంతి కొంచెం సడలింది, బిగించుకో. పొద్దు వాలుతాంది, వంక దాటాల్సినోళ్ళు మీరు."

అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఓబులేసు దాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకోబోయాడు. దాని బుర్రకాయ నుంచి ఆముదం వాసన వచ్చింది. వేలితో రాసి చూస్తే వేలికి అంటలేదు. చుక్క చుక్క చూసుకుని దీపానికి పోస్తున్న ఆ నూనెను అవ్వ దీనికి పూసి చాలా రోజులై ఉండాలి, అంతా కాయలోకి ఇంకిపోయింది.